కదలని సన్యాసిని

ఆదివారం పొద్దున పళ్ళ డాక్టరు పళ్ళు తోముకోకుండానే గేమ్ బాక్సు ముందు కూర్చున్నాడు. వారమంతా బొమ్మ దవడ చేత్తో పట్టుకుని ఊరందరికీ బ్రష్ చెయ్యడం నేర్పే మనిషికి ఆ మాత్రం సెలవు ఉండాలి కదా. పైగా ఆ రోజు పెట్టుకున్న పని చిన్నది కాదు. చీకటి కోటలో, చిట్టచివరి బురుజులో కూర్చున్న నెత్తురు తాగే దొరను చంపాలి. చంపకపోతే గేమ్ బాక్సు ఇల్లు దాటిపోతుంది.

ఆ సంగతి భార్య శనివారమే తేల్చి చెప్పేసింది. నెలల తరబడి ఆదివారాలన్నీ ఆ దొర పాలవుతున్నాయనీ, రేపు భోజనాల వేళకి వాడు చస్తే సరేననీ, చావకపోతే బాక్సును తన తమ్ముడికి ఇచ్చేస్తాననీ అంది. తమ్ముడి బాక్సు పాతది, కాస్త వేడెక్కితే మూలుగుతుంది. డాక్టరు రోషానికి పోయి సరేనన్నాడు. తెల్లారగానే ఆవిడ చేతిసంచిలో కొలత టేపు వేసుకుని తమ్ముడింటికి బయల్దేరింది. అక్కడి అరలో ఈ బాక్సు పడుతుందో లేదో చూసి వస్తుందట. మొగుడి మీద ఆవిడకున్న నమ్మకం అలాంటిది.

ఆట నలుగురిది. ఎవరింట్లో వాళ్ళు కూర్చుని, హెడ్‌సెట్‌లో మాట్లాడుకుంటూ, ఒకే కోటలో ఎడమ నుంచి కుడికి కొట్టుకుంటూ పోవాలి. డాక్టరు గొడ్డలి వీరుడు. లెక్కల మాస్టారు మంత్రగత్తె. లిఫ్టు మెకానిక్ తుపాకీ వేటగాడు. నాలుగోది సన్యాసిని. దెబ్బలు తిన్నవాళ్ళ మీద దివ్యజలం చల్లడం ఆవిడ ఉద్యోగం. చేతకానివాణ్ణి ఎక్కడ పెడితే నష్టం తక్కువో మాస్టారు లెక్కగట్టి, ఆ ఉద్యోగం డాక్టరు బావమరిదికి ఇప్పించాడు.

నలుగురూ నడిస్తేనే తెర ముందుకు జరుగుతుంది. ఒక్కడు ఆగినా మిగతావాళ్ళు తెర అంచుకు ముక్కు రాసుకుంటూ నిలబడాల్సిందే. ప్రాణాలు కూడా ఉమ్మడివే, ఎవడు చచ్చినా అందరి వాటాలోంచి ఒకటి పోతుంది. ఒక రకంగా ఉమ్మడి కుటుంబమే, కాకపోతే గబ్బిలాలు కాస్త ఎక్కువ.

ఆ రోజు ఆట జోరుగా సాగింది. సమాధులు దాటారు, విరిగిన వంతెన దాటారు. ప్రాణాలు పుష్కలంగా మిగిలాయి. ఇబ్బందల్లా బావమరిది మైకులోకి కరకరలాడిస్తూ చిప్స్ నమలడమే. వారమంతా నోళ్ళలోకి తొంగిచూసే డాక్టరు ఆ శబ్దాన్ని సెలవు రోజు కూడా భరించలేకపోయాడు. వాడి గొంతు ఆపేయమని అందరికీ చెప్పాడు, ఆపేశారు. వాడి మాట ఎవరికీ వినపడదు, వాడికి మాత్రం అందరి మాటలూ వినపడుతూనే ఉంటాయి. ఎంత సుఖంగా ఉందో అనుకున్నారు ముగ్గురూ.

బురుజు తలుపు కనిపిస్తోంది. దాని ముందు ముళ్ళ గొయ్యి ఒక్కటే అడ్డం. సరిగ్గా అక్కడ తెర ఆగిపోయింది. వెనక్కి చూస్తే సన్యాసిని దివ్యజలం చెంబు పట్టుకుని కొయ్యబొమ్మలా నిలబడి ఉంది. పిలిచారు, తిట్టారు, బతిమాలారు. ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోయింది. ఈలోగా మెకానిక్ ఫోను కూడా మోగడం మొదలుపెట్టింది. అతను విసుగ్గా ఏదో చెప్పి పెట్టేశాడు.

"మా ఆఫీసండీ. ఎవడో లిఫ్టులో ఇరుక్కున్నాడట. అర్జెంటు పనిలో ఉన్నానని చెప్పాను. ఇరుక్కున్నవాడు ఎక్కడికి పోతాడు?"

ఆ కర్తవ్యదీక్షను ఇద్దరూ మెచ్చుకున్నారు. మాస్టారు గొంతు సవరించుకున్నాడు.

"డాక్టరుగారూ, ఒక్కటి ఆలోచించండి. దొర చావకపోతే బాక్సు ఎవరికి పోతుంది?"

డాక్టరుకు ఒళ్ళు మండిపోయింది. ఇంతకాలం ఇది తనకెందుకు తట్టలేదా అనిపించింది.

"అదా సంగతి! అక్క అక్కడ అర కొలుస్తోంది, తమ్ముడు ఇక్కడ దారికి అడ్డంగా నిలబడ్డాడు. ఇద్దరూ కూడబలుక్కున్నారండీ. వాళ్ళ వంశమే అంత."

అక్కడితో ఆగినా బాగుండేది. ఆగలేదు. మామగారి పిసినారితనం దగ్గర ఎత్తుకుని, అత్తగారి గురక మీదుగా, భార్య వంట దాకా వచ్చాడు. అన్నేళ్ళు అది తిని కూడా నోరెత్తకపోవడం తన మంచితనమేనని, పళ్ళు గట్టివి కాబట్టి బతికానని చెప్పుకున్నాడు. మెకానిక్ పాపమన్నాడు.

అంతలో సన్యాసిని కదిలింది.

ముగ్గురూ కేకలు పెట్టారు. బావమరిదికి బుద్ధొచ్చిందని డాక్టరు పొంగిపోయాడు. సన్యాసిని తడబడుతూ నడిచి, ముగ్గుర్నీ దాటుకుని వెళ్ళి, ముళ్ళ గొయ్యిలో దూకింది. ఒక ప్రాణం పోయింది. పొరపాటనుకున్నారు. మళ్ళీ లేచి వచ్చి మళ్ళీ దూకింది. కాలు జారిందనుకున్నారు. మూడోసారి గొయ్యి అంచున ఆగి, గొడ్డలి వీరుడి వైపు తిరిగి, తీరిగ్గా చూసి మరీ దూకింది. ఇక వరసపెట్టి దూకుతూనే ఉంది. ఉమ్మడి ప్రాణాలన్నీ హరించుకుపోయాయి. తెర నల్లబడింది. లోపల్నుంచి దొర పగలబడి నవ్వాడు.

డాక్టరు ఫోను మోగింది. భార్య.

"తమ్ముడు లిఫ్టులో ఇరుక్కున్నాడు," అంది ఆవిడ నెమ్మదిగా. "కంట్రోలర్‌లో బ్యాటరీలు అయిపోతే కొనుక్కురావడానికి వెళ్ళాడట. వెళ్తున్నానని చెప్తే మీరెవరూ పలకలేదట."

డాక్టరు కంగారులో ఫోను స్పీకరు నొక్కేశాడు, ఆవిడ మాటలు హెడ్‌సెట్‌లో ఉన్నవాళ్ళకీ వినపడసాగాయి.

"తలుపు సందులోంచి బ్యాటరీలు నా చేతిలో పెట్టి, 'నా సంగతి తర్వాత చూద్దువుగానీ అక్కా, ముందు బావ ఓడిపోకుండా చూడు' అన్నాడు. పిచ్చి సన్నాసి. పైకొచ్చి బ్యాటరీలు వేసి, మీకు సంగతి చెబుదామని ఆ హెడ్‌సెట్ పెట్టుకున్నాను."

"ఎక్కణ్ణుంచి విన్నావు?"

"వంశం దగ్గర్నుంచి. వంట దాకా. లిఫ్టు కంపెనీకి ఫోన్ చేస్తే మెకానిక్ ఏదో అర్జెంటు పనిలో ఉన్నాడన్నారు. ఆ పనేంటో కూడా విన్నాను, నా వంట తిన్నందుకు మీకు పాపమనడం. ఇప్పుడు తీరికేగా, రమ్మనండి."

హెడ్‌సెట్‌లో మెకానిక్ కుర్చీ పడిపోయిన చప్పుడు వినిపించింది. మాస్టారు తనకేదో పరీక్ష పేపర్లు దిద్దే పని ఉందని గొణిగి మాయమయ్యాడు. డాక్టరుకు నిజంగానే సిగ్గేసింది. ఇరుకు పెట్టెలో చెమటలు కక్కుతూ కూడా తన గెలుపు కోసం తాపత్రయపడ్డవాడు ఈ లోకంలో ఒక్కడే ఉన్నాడు, వాడి గొంతునే తను నొక్కేశాడు.

మెకానిక్ పరిగెత్తుకుంటూ వెళ్ళి బావమరిదిని బయటికి లాగాడు గానీ, లిఫ్టు మాత్రం బాగవలేదు. దానికి కావలసిన సామాను వచ్చే వారానికి గాని రాదట. అందుకని ఆ సాయంత్రం డాక్టరు గేమ్ బాక్సును భుజాన వేసుకుని, బావమరిది ఉండే ఆరో అంతస్తు దాకా మెట్లెక్కి వెళ్ళాడు.

అరలో అది చక్కగా పట్టింది.