ఖాదర్‌వలికి శక్తి ఎక్కువైంది

2003 వేసవిలో ధర్మవరం నేతవీధి ఒక శుభవార్త విన్నది. పట్టుచీరలు నేసే ఖాదర్‌వలికి రోగనిరోధక శక్తి ఎక్కువైంది.

నిజానికి హిందూపురం డాక్టరు ఇంకా చాలా చెప్పాడు. విరేచనంలో నెత్తురు పడుతూ రోజుకు పన్నెండుసార్లు మగ్గం గుంతలోంచి లేచి పరుగెత్తే మనిషిని కూర్చోబెట్టి, "నీ ఒంట్లో కాపలా కణాలు శత్రువు లేకపోయినా సొంత పేగునే కొడుతున్నాయి. లోపలి గోడ పుండైంది. ఆ దండులోనే గోడ బాగుచేసేవీ ఉన్నాయి. కొట్లాట ఆగితేనే వాటి పని సాగేది. మాత్రలు ఆపొద్దు" అన్నాడు. ఖాదర్‌వలికి అంతా అర్థమైంది. బస్సు దిగాక అడిగినవాళ్ళకు మాత్రం శక్తి ఎక్కువైందంట అని క్లుప్తంగా చెప్పాడు.

శక్తి కోసం టానిక్కులు తాగి విసిగిన వీధి అది. ఒకడికి ఊరికే ఎక్కువైందంటే గౌరవించకుండా ఎలా ఉంటుంది? జలుబు పిల్లల్ని తెచ్చి అతని చేత తల నిమిరించారు. పేగుకు బలం పేగేనని నాలుగిళ్ళ నుంచి బోటికూర వచ్చింది, కారం దండిగా. "దేవుడిచ్చిన దాన్ని మాత్రలేసి తగ్గించుకుంటారా యాడైనా?" అని పక్కింటి కుళ్ళాయమ్మ మందలించింది. పదిమంది మాట కాదనలేక అతడు మాత్రలు మానేశాడు. పరుగులు పదహారయ్యాయి. వీధి దాన్ని శక్తి పెరుగుదలగా గుర్తించింది.

నేత సంఘం సన్మానం చేసింది. "ఇంత శక్తిని ఇముడ్చుకున్న మనిషి మన ధర్మవరంలో తప్ప యాడుండాడప్పా?" అంటూ అధ్యక్షుడు వీరభద్రయ్య ముప్పావుగంట మాట్లాడాడు. వేదిక మీద ఖాదర్‌వలి దండ కింద రెండు చేతులతో కడుపు పట్టుకున్నాడు. సభ దాన్ని వినయమనుకుంది. లేవబోతే, ప్రసంగిస్తాడని మైకు ముందుకు తోశారు. కళ్ళు తిరిగి కూలబడితే చప్పట్లు కొట్టారు.

భార్య హసీనాబీ వేదికెక్కింది. "శక్తి మీరే పెట్టుకోండన్నా. మనిషిని నాకిడ్సండి."

హిందూపురం బస్సు పెనుకొండ దాటేలోపే అతని కోసం రెండుసార్లు ఆగింది. మళ్ళీ మాత్రలు, మజ్జిగన్నం. ఆరు నెలలకు డాక్టరు కెమెరా గొట్టంతో లోపల చూసి, కొట్లాట సద్దుమణిగింది, గోడ లేచింది అన్నాడు.

విషయం తెలిసి సంఘం యావత్తూ పరామర్శకు వచ్చింది.

"అంతా పాయనా?" అని వీరభద్రయ్య గొంతు తగ్గించి అడిగాడు.

"పాయనన్నా."

"అయ్యో, ఎంత శక్తి ఉండె."

పోయిన శక్తికి సంతాపంగా అందరూ లేచి నిలబడి ఒక నిమిషం మౌనం పాటించారు. ఖాదర్‌వలి మాత్రం లేవలేదు. లేవాల్సిన అవసరం రాక పొద్దున్నుంచీ గుంతలోనే కూర్చుని జరీ అంచు నేస్తున్నాడు.

ఈ అమర్యాదను సంఘం తీర్మానాల పుస్తకంలో నమోదు చేసింది.