ఆదివారాల బకాయి

మా ఆయనలో ఒక్కటే లోపం. జీతం పెంచమని గట్టిగా అడగడం చేతకాదు. పదకొండేళ్లుగా కాగితం పట్టుకుని మేనేజరు గది ముందు నిలబడతారు. వెళ్లినంత నిశ్శబ్దంగా తిరిగొస్తారు.

మరి శాసనసభ్యులను చూడండి! ఏడాది పొడవునా మైకులు విరగ్గొట్టుకున్నవాళ్లు, తమ జీతాల బిల్లు రాగానే అన్నదమ్ములైపోయారు. నా కుక్కరు మూడో కూత వేసేలోగా జీతాలు రెట్టింపు. పైగా నిరుటి నుంచి వర్తింపు.

టీవీ ముందు నేను ముక్కు విరిచాను.

"చేసేవాళ్లకే తెలుస్తుంది కష్టం. వాళ్లది వాళ్లు పెంచుకుంటే తప్పేంటి?" అన్నారు మా ఆయన.

ఆలోచిస్తే నిజమే కదా! ఇచ్చేవాడొకడు, పుచ్చుకునేవాడొకడు అయితేనే బేరాలూ అలకలూ. ఇద్దరూ ఒక్కరే అయితే ఎంత ప్రశాంతత! ఇంత మంచి పద్ధతి సభకే పరిమితం కావాలా?

నాకు జీతమంటూ లేదు కనుక సెలవు పెంచుకుందామనుకున్నాను. మర్నాడు ఆయన స్నానానికి వెళ్లగానే వంటింట్లో బిల్లు పెట్టాను: ఇల్లాలికి ప్రతి ఆదివారం వంట నుంచి సెలవు.

ప్రతిపక్షం, అంటే మా అత్తగారు, లేచారు. "నలభై ఏళ్లు వండాను. నాకెవరిచ్చారమ్మా సెలవు?"

మాజీ సభ్యులకు పింఛనుగా రెండు పూటలా మంచం దగ్గరికే కాఫీ అన్నాను.

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా," అని కూర్చున్నారు.

మా అమ్మాయి గరిటెతో బల్ల చరిచింది. బిల్లు నెగ్గింది. భారం ఎవరిదన్న ప్రశ్నే రాలేదు. ఖజానా ఇంకా స్నానం చేస్తోంది.

వర్తింపు పెళ్లినాటి నుంచి. పద్దెనిమిదేళ్లకు తొమ్మిది వందల ముప్పై ఆరు ఆదివారాల బకాయి. ఆ పూట నుంచే వాడుకోవడం మొదలుపెట్టాను.

మొదటిరోజు ఆయన నవ్వారు. రెండోరోజు అన్నం మాడింది. మూడోరోజు కాఫీ మోసుకెళ్తూ ఆగారు.

"నన్నొక మాట అడగాలా, వద్దా?"

"చేసేవాళ్లకే తెలుస్తుంది కష్టం అన్నారుగా."

"మరి మోసేవాడి నడ్డి సంగతో?"

"ఒరేయ్, చల్లారిపోతోంది," అన్నారు లోపల్నుంచి అత్తగారు.

నాలుగోరోజు అంట్ల ముందు నిలబడి, పక్కింటికి వినపడేలా అన్నారు: "తప్పు నాదే. ఎవరి జీతమైనా, సెలవైనా, భరించేవాణ్ణి అడిగే పెంచాలి."

ఈ మాట అనడానికి సభలో ఒక్కరూ లేకపోయారు!

"సరే, అడిగితే ఇచ్చేవారా?" అన్నాను.

తోమిన గిన్నెనే మళ్లీ తోమారు.

"ఇచ్చేవాణ్ణి కాదు," అన్నారు చివరికి. "అదీ తప్పే."