రాణిగారికి సవరణలు

"నేటి నుండి ఆఫ్రికా ఖండం మనకు ఆడపడుచు!" అని సాంస్కృతిక శాఖామాత్యులవారు ప్రకటించారు. ఖండానికి ఆ సంగతి ఇంకా తెలియదు గానీ, సభలో చప్పట్లు మాత్రం బ్రహ్మాండంగా మోగాయి.

అక్కడి ఒక దేశం నుంచి ప్రతినిధి బృందం రాబోతోంది. వెనకటికి పరాయి సేనలను గడప తొక్కనివ్వని వాళ్ళ రాణిగారి చిత్రపటం ఒకటుంది. అచ్చం అలాంటిదే చేత్తో వేయించి, సమావేశ మందిరంలో తగిలించి, అతిథులను ముగ్ధులను చేయాలని అమాత్యులవారి సంకల్పం.

పని శాఖలోని చిత్రకారుడి మీద పడింది. పెళ్ళై పట్టుమని మూడు నెలలు కాలేదు గనక ఆఫీసంతా అతన్ని 'పెళ్ళికొడుకు' అనే పిలుస్తుంది. భార్య ఎక్కడో కొండల అవతలి ఊళ్ళో స్కూలు టీచరు. ఆమెను ఈ ఊరికి బదిలీ చేయమని పెట్టుకున్న అర్జీ అమాత్యులవారి బల్ల మీదే కునుకు తీస్తోంది.

"బొమ్మ కుదిరిందా, బదిలీ అయినట్టే," అన్నాడు సెక్షన్ ఆఫీసరు.

ఇంకేం కావాలి! భార్య సెలవు పెట్టి రెక్కలు కట్టుకు వాలింది. ఆమె రంగులు కలుపుతుంటే, అతను పాత పటం నకలు మీద గళ్ళు గీసి, కాన్వాసు మీద అవే గళ్ళు పెద్దవిగా గీసి, గడి వెంట గడిగా రాణిగారిని దించాడు. నల్లని నిండు ముఖం. బిగిసిన పెదవులు. పిడికిట్లో బల్లెం. ఎదుటివాణ్ణి నిలబెట్టి కడిగేసే చూపు.

"ఏమండీ, ఈవిడ అచ్చం మా హెడ్‌మిస్ట్రెస్‌లా ఉంది. భయమేస్తోంది."

"అయితే కుదిరినట్టే," అంటూ అతను ఆమె ముక్కు మీద రంగు చుక్క పెట్టాడు. ఆమె ఊరుకుంటుందా! ఆ పూట రాణిగారికి పడాల్సిన రంగు సగం వాళ్ళిద్దరికే పడింది.

అయితే సచివాలయంలో ఒక మంచి సంప్రదాయం ఉంది. పైకి వెళ్ళిన ఏ వస్తువుకైనా ప్రతి అధికారీ ఒక సవరణ చెప్పాలి. చెప్పకుండా సంతకం పెడితే అసలు చూడలేదని అనుకుంటారు.

"అతిథులొస్తుంటే ఆవిడ నవ్వదేమయ్యా?" అన్నాడు సెక్షన్ ఆఫీసరు.

"యుద్ధంలో ఉందండీ."

"ఉంటే? మేం ఆడిట్‌లో ఉండి నవ్వడం లేదూ?"

నవ్వే రాణిని ఎక్కడినుంచి తెస్తాడు? అతని దగ్గరున్న నవ్వల్లా రంగుల గిన్నె పట్టుకుని పక్కనే నిలబడి ఉంది. భార్యను ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు. ఎడమ బుగ్గ సొట్టతో సహా నవ్వు దిగిపోయింది.

"బల్లెం లా అండ్ ఆర్డర్ సమస్య," అన్నాడు డిప్యూటీ కార్యదర్శి. బల్లెం పోయి పూలగుత్తి వచ్చింది. పట్టుకున్న చేయి మళ్ళీ భార్యదే.

"నలుపు మీద నాకేం అభ్యంతరం లేదు. మందిరంలోని లైటింగ్‌కే అభ్యంతరం," అన్నాడు ఉదారుడైన కార్యదర్శి. రాణిగారు తేటపడ్డారు.

చివరికి అమాత్యులవారే స్వయంగా విచ్చేసి, పటం ముందు రెండడుగులు అటూ ఇటూ నడిచి చూశారు. "ఎటు వెళ్ళినా నన్నే చూస్తోందేమయ్యా? నేనేం చేశాను?"

కళ్ళు కిందికి వాలాయి. సిగ్గుపడే కళ్ళకు కూడా నమూనా ఇంట్లోనే ఉంది.

ఇక రాణిగారిదంటూ మిగిలింది ముక్కొక్కటే. అది ముఖానికి నప్పడం లేదని అమాత్యులవారి పి.ఎ. కనిపెట్టాడు.

"ముక్కుతో సహా ఇది పూర్తిగా నువ్వే అయిపోయిందే!" అన్నాడు పెళ్ళికొడుకు బిక్కమొహం వేసి.

"అవనివ్వండి. బదిలీ అవ్వాల్సిందీ నేనేగా!" అని ఆమె పకపకా నవ్వింది.

ఆవిష్కరణ రోజు మందిరం కిటకిటలాడింది. బృందానికి నాయకురాలు పొడుగాటి పెద్దావిడ. తెర తొలగింది. ఆవిడ పటాన్ని చాలాసేపు చూసి ఏదో అడిగింది.

దుబాసీ గొంతు సవరించుకున్నాడు. "చాలా అందంగా ఉందట. ఎవరని అడుగుతున్నారు."

"వాళ్ళ రాణిగారే!" అన్నాడు కార్యదర్శి.

పెద్దావిడ చూపు మందిరమంతా తిరిగి, అతిథుల కోసం తెచ్చిన పూలగుత్తితో మూల నిలబడ్డ చిత్రకారుడి భార్య మీద ఆగింది. వేలు పెట్టి చూపించింది. దుబాసీ అనువదించనక్కర్లేకపోయింది.

కార్యదర్శికి చెమటలు పట్టాయి. అమాత్యులవారు తొణకలేదు, బెణకలేదు.

"అదే మా విశేషం! మా ఆడపిల్లల్లో మీ రాణిగారి పోలికలు! అందుకే ఈ అమ్మాయిని మీ దేశానికే పంపుతున్నాం. మా సాంస్కృతిక ప్రతినిధిగా అక్కడే ఉంటుంది!"

పి.ఎ. మెరుపులా అర్జీ తెచ్చాడు. అమాత్యులవారు అందులో ఊరి పేరు కొట్టేసి, దేశం పేరు రాసి, సంతకం గీకి ఆమె చేతిలో పెట్టారు.

"చూశావా పెళ్ళికొడుకూ! బదిలీ అడిగావు, నిలబడ్డపాటున చేశాం."

ఆమె చదివింది. మొదట బుగ్గ సొట్ట మాయమైంది. పెదవులు బిగిశాయి. పూలగుత్తి కాడ చుట్టూ పిడికిలి బిగుసుకుంది. వాలిన కళ్ళు మెల్లగా లేచి, సూటిగా అమాత్యులవారి మీద నిలిచాయి. ఆయన రెండడుగులు అటు జరిగారు. చూపూ అటే జరిగింది.

పెద్దావిడ చటుక్కున లేచి నిలబడింది. రెండు చేతులూ గుండెకు ఆనించుకుని, ఆమె ముందు నడుము వంచింది.

"ఇప్పుడు అచ్చం మా రాణే అంటున్నారు!" అన్నాడు దుబాసీ.

మందిరం చప్పట్లతో దద్దరిల్లింది. అమాత్యులవారూ చప్పట్లు కొడుతూనే చిత్రకారుడి వెనక్కి చేరి, చెవిలో మెల్లగా అన్నారు.

"బాగానే ఉంది గానీ, కొంచెం నవ్వమనవయ్యా."