నలభై ఎనిమిది ఆనవాళ్ళు

ఆ ఉదయం పోస్టుమాస్టరు గారు పెట్టుకున్న పని ఒకటే. కాఫీ చల్లారేలోగా నలభై ఎనిమిది ఫ్లాట్ల యజమానులకు మీటింగు నోటీసు ఈమెయిల్లో పంపేసి, హాయిగా పేపరు చదువుకోవడం. ఆయన రిటైరైన మర్నాడే బిల్డింగు వాళ్ళు పట్టుకుని సెక్రటరీని చేశారు. ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసులో ఒక్క ఉత్తరం కూడా తప్పుడు ఇంటికి పోనివ్వలేదని ఆయన కనపడినవాళ్ళందరికీ చెప్పుకునేవారు. ఎవరూ కనపడకపోతే భార్యకు చెప్పేవారు.

నోటీసులో విషయం లిఫ్టు. అది మూలపడి నాలుగు నెలలయింది. మోకాళ్ళ నొప్పులతో ఆయన భార్య ఆ నాలుగు నెలలుగా ఐదో అంతస్తు దిగలేదు, వీధిని బాల్కనీ నుంచి చూడడమే. కొత్త లిఫ్టు వెయ్యాలంటే ముప్ఫై రెండుమంది యజమానులు స్వయంగా వచ్చి చేతులెత్తాలి. మొదటి మీటింగుకు పదకొండుమంది వచ్చారు, రెండోదానికి తొమ్మిదిమంది. మూడోసారి కూడా కోరం లేకపోతే ఏడాది దాకా ఆ ఊసెత్తకూడదని రూలు. ఆదివారం మీటింగుకు నోటీసు ఆ సాయంత్రంలోగా అందరికీ చేరాలి.

కంప్యూటరు తెరిస్తే అడ్రసుల పుస్తకం ఖాళీ. పాత ఉత్తరాలూ లేవు, లిఫ్టు ఇంజనీరు పంపిన రిపోర్టూ లేదు. ముందురోజు బావమరిది వచ్చి, పాత సిస్టమ్ నత్తనడక నడుస్తోందని దాన్ని పీకేసి కొత్తది ఎక్కించి వెళ్ళాడు. ఫోను చేస్తే, కంగారు పడొద్దనీ, అంతా విడి డిస్కులో దాచాకే పీకాననీ అన్నాడు. అరగంటలో డిస్కుతో సహా వచ్చి కూర్చున్నాడు.

పాత ఫైలు తెరవడానికి కొత్త ప్రోగ్రాం ససేమిరా అంది. బావమరిది దాన్ని బుజ్జగించి, ఫైలు రూపం మార్చి, మళ్ళీ ఎక్కించాడు. పన్నెండేళ్ళ ఉత్తరాలు బిలబిలమంటూ వచ్చి పడ్డాయి. ఇంజనీరు రిపోర్టు కనపడగానే పోస్టుమాస్టరు గారికి ప్రాణం లేచొచ్చింది. అడ్రసులూ వచ్చాయి కానీ, పేర్లుండాల్సిన చోట వరసగా ప్రశ్నార్థకాలూ ఖాళీ డబ్బాలూ ఉన్నాయి.

"అడ్రసులు వచ్చేశాయి కదా బావా. పేర్లతో పనేముంది, పంపించెయ్."

"పేరు లేని కవరు నా చేతి మీదుగా ఎప్పుడూ వెళ్ళలేదోయ్. ఒక్క అక్షరం పొల్లుపోకుండా రావాలి."

బావమరిది రెండు గంటలు కుస్తీ పట్టి తెలుగు అక్షరాలను రప్పించాడు. ఇక్కడ చెప్పవలసిన సంగతి ఒకటుంది. పోస్టుమాస్టరు గారికి మనుషుల పేర్లు గుర్తుండవు, గుణాలు గుర్తుంటాయి. అందుకని ప్రతి అడ్రసు పక్కనా పేరుకు బదులు ఒక ఆనవాలు రాసుకున్నారు. "మధ్యాహ్నం మేకులు కొట్టే మహానుభావుడు", "మెట్ల మీద చెప్పుల ప్రదర్శన", "మోటారు వేసి మరిచిపోయే మేడమ్", "అన్నిటికీ తలూపి అజా అయిపూ లేకుండా పోయే పెద్దమనిషి", ఇలా నలభై ఎనిమిది. పాత ప్రోగ్రాం అడ్రసును మాత్రమే పైకి పంపి, ఆనవాళ్ళను ఇంట్లోనే ఉంచేది. కొత్తదానికి ఆ గుట్టు తెలియదు, అది అడ్రసులను దాచి ఆనవాళ్ళనే పైకి చూపిస్తుంది. అందరికీ ఒక్క దెబ్బలో పంపొచ్చని బావమరిది చూపిస్తే, పోస్టుమాస్టరు గారు గర్వంగా నొక్కారు. నలభై ఎనిమిది ఇళ్ళకూ నలభై ఎనిమిది ఆనవాళ్ళూ బట్వాడా అయ్యాయి.

మొదటి జవాబు రెండో అంతస్తు పళ్ళ డాక్టరు నుంచి వచ్చింది. మేకుల మహానుభావుడు తన నెత్తిమీద ఉండే లాయరే అయి ఉంటాడని ఆయన సరదాగా అందరికీ రాశాడు. తన ఇంట్లో సుత్తే లేదనీ, చెప్పుల ప్రదర్శన మాత్రం డాక్టరు గుమ్మం ముందే జరుగుతుందనీ లాయరు కూడా అందరికీ రాశాడు. ఇక అందరూ పనులు మానుకుని ఆ జాబితా ముందేసుకున్నారు. పక్కవాళ్ళ ఆనవాలు చూసి పడీపడీ నవ్వినవాళ్ళు తమది కనపడగానే మండిపడ్డారు. తలూపే పెద్దమనిషి తామేననుకుని ఏడుగురు విడివిడిగా నిరసన తెలిపారు. అసలాయన మాత్రం నోటీసు చాలా బాగుందని, తప్పకుండా వస్తానని రాశాడు.

ఉత్తరాన్ని వెనక్కి తీసుకునే ఏర్పాటు ఉందని బావమరిది ఇంకేదో నొక్కాడు. ఉత్తరం వెనక్కి రాలేదు సరికదా, సెక్రటరీ దాన్ని వెనక్కి తీసుకోదలిచారని అందరికీ కబురు వెళ్ళింది. అప్పటిదాకా దాన్ని తెరవని పద్నాలుగు మంది, అంతగా దాచాల్సింది ఏముందోనని తెరిచారు. అవి వెక్కిరింతలు కావు, ఆనవాళ్ళు మాత్రమేనని పోస్టుమాస్టరు గారు క్షమాపణ రాశారు. అది కూడా ఆ ఆనవాళ్ళతోనే వెళ్ళింది.

మధ్యాహ్నం భార్య ఫోను పట్టుకుని వచ్చి నిలబడింది. ఫ్లాటు ఆవిడ పేరు మీదే ఉంది.

"పై కోర్టు అంటే నేనేనా?"

"ఐదో అంతస్తు కదా అని..."

"మీటింగుకు నేనూ వస్తున్నా. అక్కడే తేల్చుకుందాం."

"మెట్లు దిగలేవు కదా."

"ఇంత కోపంలో దిగగలను."

పోస్టుమాస్టరు గారు రాజీనామా రాసి జేబులో పెట్టుకున్నారు. పదవి పోతే పోయింది, ఈ గొడవలో లిఫ్టు కూడా పోయినట్టేనని ఆయనకు దుఃఖం ముంచుకొచ్చింది. ఇంకో ఏడాది ఆవిడ బాల్కనీలోనే నిలబడాలన్న మాట తలుచుకుంటే ముద్ద దిగలేదు.

ఆదివారం కింద కార్లు నిలిపే చోట, పాత అనుభవం కొద్దీ పన్నెండు కుర్చీలు వేయించారు. అందరికంటే ముందు, ఆరేళ్ళుగా బిల్డింగులో ఎవరి కంటా పడని యజమాని ఒకాయన పొరుగూరి నుంచి రైల్లో వచ్చి, "అజ్ఞాతవాసిని నేనే" అని ముందు వరసలో కూర్చున్నాడు. ఆ వెనక ఒక్కొక్కరే దిగారు. కుర్చీలు చాలక కార్ల మధ్య నిలబడ్డారు. తమ్ముడు వెనకాల కుర్చీ మోసుకొస్తుంటే, అంతస్తుకోసారి కూర్చుంటూ పోస్టుమాస్టరు గారి భార్య కూడా దిగివచ్చింది. లెక్కపెడితే నలభై ఒకటి.

సెక్రటరీ సంగతి ముందు తేల్చాలని లాయరు లేచాడు. అధ్యక్షురాలు రిటైరైన హెడ్మిస్ట్రెస్. జాబితాలో ఆవిడ ఆనవాలు "బెత్తం". ఆవిడ రూల్సు పుస్తకం తెరిచి, నోటీసులో ఉన్న వరస మార్చడానికి వీల్లేదంది. "ముందు లిఫ్టు. తర్వాతే సెక్రటరీ."

"అయితే ఆ లిఫ్టేదో తొందరగా కానివ్వండి. అసలు విషయానికి రావాలి" అన్నాడు లాయరు.

నలభై ఒక్క చేతులు లేచాయి. నాలుగు నెలలుగా తేలనిది నాలుగు నిమిషాల్లో తేలిపోయింది. పోస్టుమాస్టరు గారు నమ్మలేక మరోసారి లెక్కపెట్టుకున్నారు. కళ్ళు చెమ్మగిల్లి లెక్క తప్పింది కానీ, తీర్మానం తప్పలేదు. జేబులోంచి రాజీనామా తీయబోతుంటే భార్య లేచి నిలబడింది.

"మర్యాదగా పిలిచినప్పుడు తొమ్మిదిమంది వచ్చారు. ఉన్నమాట రాస్తే ఇంతమంది వచ్చారు. ఈయన్ని తీసేస్తే తీసెయ్యండి. రేపట్నుంచి ఈ పని ఎవరు చేస్తారో కూడా ఇప్పుడే చెప్పండి."

అందరూ తలలు వంచుకుని కార్ల టైర్లు పరీక్షించారు. చివరికి పళ్ళ డాక్టరు ఒక్కడే లేచి, మెట్ల మీది చెప్పులు తనవి కావు, రోగులవని మినిట్స్‌లో రాయమన్నాడు. రాశారు. సెక్రటరీ పదవి ఎక్కడిదక్కడే ఉండిపోయింది.

ఆరు వారాలకు కొత్త లిఫ్టు వచ్చింది. మొట్టమొదట అందులో దిగిన భార్య వీధి చివరిదాకా నడిచింది. పక్కన పోస్టుమాస్టరు గారు, యుద్ధం గెలిచిన సేనాపతి ఠీవితో నడిచారు. పక్క బిల్డింగు సెక్రటరీ వాళ్ళను గేటు దగ్గర ఆపి, తమకు మూడేళ్ళుగా కోరం లేదని, ఆ సిస్టమ్ మార్చిన బావమరిది నంబరు కాస్త ఇమ్మని అడిగాడు.