వంటింట్లో తిమింగలం

డిసెంబరు ఆరో తేదీ జయకుమార్ మాస్టారికి బాగా గుర్తు. ఆ పొద్దున, ముందు రాత్రి మిగిలిన చేపల పులుసుతో చద్దన్నం తిన్నారు. చెయ్యి కడుక్కునేలోపే మంత్రి పెంచలకృష్ణ గారు సముద్రం ఒడ్డునున్న ఆ పాలెంలోకి విచ్చేసి, భూప్రపంచంలో ఎవరూ గీయని మ్యాపును ఆవిష్కరించారు.

"వెనకటికి మట్టి పలకల మీద గీసినారు. తోలు మీద గీసినారు. తెల్లోళ్ళు గొలుసులు ఈడ్చుకుంటా కొలిచినారు. మనం డ్రోన్ ఎగరేసి ఒక్కపూటలో తేల్చేసినాం!"

బతుకంతా బళ్ళో భూగోళం చెప్పిన మాస్టారు, అంత చరిత్రను అంత తొందరగా ముగించిన మంత్రిగారిని మనసారా మెచ్చుకున్నారు.

ఈ మ్యాపులో కనబడిన ఇంటికే పట్టా ఇస్తారట. భార్య లిల్లీ పోయాక మాస్టారికి మిగిలింది ఆ రెండు గదులే. వాటికి హక్కు కాగితం లేదు. కళ్ళజోడు సర్దుకుని వెతికారు. బిట్రగుంట రైల్వే కాలనీ ఉంది. పాలెం లేదు. అది ఉండాల్సిన చోట నీలంగా సముద్రం. చూపుకు బాగుంటుందని అందులో ఒక తిమింగలం బొమ్మ.

"మాస్టారూ, ఆ చేప సరిగ్గా మీ వంటింట్లో ఉండాదే!" అంది పక్కింటి మగ్దలీనమ్మ.

"పాతకాలంలో తెలియని చోటల్లా తిమింగలాన్ని గీసేవాళ్ళులే అమ్మా. ఆ మర్యాద నిలబెట్టినారు."

సర్వే ఆఫీసర్ విజయభాస్కర్ గారు కంప్యూటర్‌ను ఒక్క మాట అననివ్వలేదు. "నీలంగా ఉంటే సముద్రమని దానికి నేర్పినాం సార్. తుఫానుకు మేమిచ్చిన నీలం టార్పాలిన్ పట్టలు మీరంతా ఇళ్ళ మీద కప్పుకుంటిరే!"

"తీసేస్తే?" అన్నారు మాస్టారు.

"భూమి అయిపోతారు. గురువారం డ్రోన్ మళ్ళీ వస్తుంది. సముద్రానికి పట్టా ఇచ్చే రూల్ లేదు సార్."

బుధవారం పాలెమంతా పట్టలు విప్పింది. గురువారం వాన. వానలో డ్రోన్ ఎగరదు. మడిచిపెట్టిన పట్టలను గాలి ఎత్తుకుపోయి అసలు సముద్రంలో వేసింది.

మధ్యాహ్నం మంత్రిగారు గొడుగు కింద వచ్చారు. మాస్టారింట్లో కురుస్తున్న కప్పును చూసి చలించిపోయారు.

"ఏం కావాల మాస్టారూ మీకు?"

"పట్టా సార్."

మంత్రిగారు అక్కడికక్కడే పీఏకి ఫోన్ కొట్టారు. "ఈ పాలెంలో ఇంటింటికీ పట్టా! పొద్దుగూకేలోపల రావాల!"

"పట్టలేనా సార్?"

"ఆఁ, పట్టాలే!"

జనం వానను మరిచి చప్పట్లు కొట్టారు. మగ్దలీనమ్మ కళ్ళు మూసుకుని స్తోత్రం చెప్పింది.

మాట తప్పలేదు. పొద్దుగూకక ముందే లారీ వచ్చింది. 'ఇంటింటికీ పట్టా' అన్న బ్యానర్ కింద మాస్టారిని నిలబెట్టి, చేతుల్లో బరువైన కట్ట పెట్టి ఫోటో తీశారు. కొత్త ప్లాస్టిక్ వాసన. నీలం రంగు.

మగ్దలీనమ్మ ఒక కొస పట్టుకుంటే మాస్టారు ఇంకో కొస లాగి కట్టారు. లిల్లీ పడుకునే మంచం మీద చుక్క పడటం ఆగింది. పాతదానికన్నా ఇది మందంగా ఉందని ఆయన రెండు వేళ్ళతో తడిమి చూసుకున్నారు. తర్వాత, తిమింగలం ఉన్న వంటింటి తలుపు చప్పుడు కాకుండా మూసి గడియ పెట్టారు.