పిక్క వెనక పది కన్నాలు

ఆ ఆదివారం కార్యక్రమం చాలా సులువైనది. ఎనిమిదింటికి టిఫిన్, పదింటికి కాసేపు కాళ్లు సాగదీయడం, పన్నెండింటికి భోజనం, ఒంటిగంట బస్సు, నాలుగింటికి ఆట. దీన్ని కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించుకున్నవాడు పందొమ్మిదేళ్ల ఫుట్‌బాల్ మిడ్‌ఫీల్డర్. జట్టులో వాణ్ణి అందరూ పెన్సిల్ అంటారు. సన్నగా ఉంటాడని కాదు. ఉంటాడనుకోండి, కానీ గీత గీసినట్టు పాస్ ఇస్తాడని ఆ పేరు. ఇంట్లో మాత్రం చిన్నోడే.

వాడు క్లబ్బుతో ఏడాది ఒప్పందం మీద సంతకం పెట్టి పదకొండు నెలలు దాటింది. ఈ పదకొండు నెలల్లో మైదానంలో గడిపింది మొత్తం కలిపి ఇరవై మూడు నిమిషాలు. మిగతా కాలమంతా బెంచీ మీద కూర్చున్నాడు, లేచి ఒళ్లు వేడెక్కించుకున్నాడు, మళ్లీ వచ్చి కూర్చున్నాడు. చివరికి మధ్యలో ఆడే సీనియర్‌కు మోకాలు వాచి, వీడికి మొదటి నిమిషం నుంచి ఆడే అవకాశం వచ్చింది. సీజనులో ఇదే ఆఖరి ఆట. ఆట అయ్యాక కోచ్ గదిలోకి పిలిచి, ఒప్పందం పొడిగించేదీ లేనిదీ చెబుతాడు. లేదంటే సోమవారం నుంచి మేనమామ రంగుల దుకాణంలో డబ్బాలు కలపాలి. మేనమామ అప్పుడే వాడికోసం ఒక స్టూలు కూడా చూసిపెట్టాడు.

ఇంత సులువైన కార్యక్రమంలో వాళ్లమ్మ చెయ్యి పెట్టకుండా ఉంటే ఈ కథే లేదు.

ఆవిడ టైలరు. ముందుగది నిండా కుట్టుమిషను, బట్టల మూటలు, గోడకు సుద్దముక్క గీతలు. ఆ వీధిలో సగం మంది పిల్లల బడి నిక్కర్లు ఆవిడ చేతి మీదుగా వెళ్లినవే. వాడు నిద్ర లేచేలోగా బ్యాగు సర్దిపెడదామని తెరిచింది. జెర్సీ బాగుంది. నిక్కరు బాగుంది. మేజోళ్లు తీసి వెలుతురుకి పట్టి చూసింది. కొత్త మేజోళ్లు, పిక్క దగ్గర వెనకవైపు ఒక్కోదానికి ఐదేసి కన్నాలు. వేలు దూర్చి చూసింది. అరిగి పడ్డ చిరుగైతే దారం పీచుపీచుగా లేస్తుంది. ఇవి అంచు తెగి ఉన్నాయి. కత్తెర పని. అదీ మొండి కత్తెర.

అసలు సంగతి మీకు ఇప్పుడే చెప్పేస్తాను, దాచుకుని నేనేం చేసుకుంటాను. ఆ కన్నాలు పెట్టుకున్నది వాడే. ఆటగాళ్ల మేజోళ్లు పిక్కను ఉడుంపట్టు పడతాయి. తొంభై నిమిషాలు పరుగెత్తితే కాళ్లు కొయ్యబారిపోతాయి. అందుకని ముదిరిన ఆటగాళ్లందరూ వెనక కన్నాలు పెట్టుకుంటారు. శనివారం సాయంత్రం కెప్టెన్ వాణ్ణి పక్కకు పిలిచి, తన కత్తెరే ఇచ్చి, దగ్గరుండి పెట్టించాడు. "ఇది మొదట్నుంచీ ఆడేవాళ్లకేరా. బెంచీ మీద కూర్చునేవాడికి అక్కర్లేదు" అన్నాడు. ఆ ఒక్క మాటకు వాడు ఇంటికి నడిచి రాలేదు, ఎగురుకుంటూ వచ్చాడు. ఇదంతా వాళ్లమ్మకు చెప్పాలని మాత్రం వాడికి తోచలేదు. మేజోళ్ల గురించి అమ్మతో మాట్లాడే కొడుకులు ఎంతమంది ఉంటారు చెప్పండి.

ఆవిడ వంటగదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసి తమ్ముడికి ఫోను చేసింది.

"ఒరేయ్, చిన్నోడి సాక్సులు ఎవరో కత్తిరించేశార్రా."

"కత్తిరించడమేంటక్కా. ఎలకలేమో చూడు."

"ఎలకలు లెక్కపెట్టుకుని ఐదేసి కొరుకుతాయా? ఇవాళ వీడు ఆడకూడదని ఎవరో కడుపుమంటతో చేశార్రా."

"వాడికి చెప్పావా?"

"చెప్తే బెంగపెట్టుకుంటాడు. నేను కుట్టేసి లోపల పెట్టేస్తాను. నువ్వు కూడా నోరు మూసుకుని ఊరుకో."

మేనమామను ఊరుకోమనడం, చీమకు బుద్ధులు చెప్పి పంచదార డబ్బా మూత తీసిపెట్టడం లాంటిది. న్యాయం కోసం ఎవరి గొడవలోనైనా దూరిపోయే మనిషి. సొంత మేనల్లుడి గొడవ దొరికితే వదులుతాడా? అక్కడ ఆవిడ బడి నిక్కర్ల బట్ట ముక్కలు లోపల వేసి, మూడు వరసల కుట్టు వేసి, ఇక ఏనుగు లాగినా ఊడదని తృప్తిపడి మేజోళ్లు మడతపెట్టేసరికి, ఇక్కడ ఈయన దుకాణం తలుపులు దగ్గరగా వేసి క్లబ్బు ఆఫీసుకు బయలుదేరాడు.

ఆఫీసులో సెక్రటరీ ఉన్నాడు. కుర్చీలకు, చీపుళ్లకు కూడా నంబర్లు వేయించిన మనిషి. ఆట జరిగేటప్పుడు కూడా బల్ల వదలడు కాబట్టి, క్లబ్బులో చేరి పన్నెండేళ్లయినా ఒక్క గోలూ చూడలేదు.

"మా మేనల్లుడి సాక్సులు మీ క్లబ్బులో ఎవరో కోసేశారండి" అన్నాడు మేనమామ.

"క్లబ్బు సాక్సులా?"

"మీవే. కొత్తవి. కన్నానికి కన్నం, మొత్తం పది."

"ఎవరు కోశారు?"

"అది తేల్చాల్సింది మీరు. నేను రంగులమ్ముకునేవాణ్ణి."

సెక్రటరీకి మేనల్లుడి బాధ చెవికెక్కలేదు. క్లబ్బు వస్తువు కోశారన్న ముక్క ఒక్కటే ఎక్కింది. నేరుగా స్టోరుగదికి వెళ్లాడు. అక్కడ జట్టు బట్టలూ బూట్లూ చూసుకునే పెద్దాయన ఉతికిన మేజోళ్లు తాడు మీద ఆరేస్తున్నాడు. ఇరవై జతలు. ప్రతి జతలోంచీ అవతలి గోడ కనిపిస్తోంది. పెద్దాయన ఏదో చెప్పబోయాడు కానీ, సెక్రటరీ వినే ఘట్టం దాటిపోయింది.

రెండున్నరకు ఆటగాళ్లు బట్టలు మార్చుకునే గదిలో తనిఖీ పెట్టాడు. కోచ్ అప్పుడు జట్టు జాబితా ఇవ్వడానికి రిఫరీ దగ్గరికి వెళ్లాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, సెక్రటరీ సాక్సులు అనగానే పదిమందీ పిక్కలు తడుముకున్నారు. పదిమందివీ ఊడబీకించి, పెట్టెలోంచి విప్పని కొత్త జతలు ఇప్పించాడు. పదకొండోవాడు పెన్సిల్. వాడు బ్యాగులోంచి తన జత తీసి, చూసి, కొయ్యబొమ్మలా నిలబడిపోయాడు. ఆ మూడు వరసల కుట్టు ఎవరిదో వాడికి తెలియదా?

సెక్రటరీ దాన్ని లాక్కుని పైకెత్తి చూపించాడు. "ఇదీ పద్ధతి. బుద్ధిగా కుట్టించుకున్నాడు. చూసి నేర్చుకోండి. పొద్దున ఇతని మేనమామ వచ్చి చెప్పకపోతే మీ బాగోతం నాకు తెలిసేదే కాదు."

ఆయన వెళ్లిపోయాడు. కెప్టెన్ కొత్త మేజోడును ఈడ్చి ఈడ్చి ఎక్కించుకుంటూ అన్నాడు. "దగ్గరుండి నేర్పినందుకు బాగా బుద్ధి చెప్పావురా."

"అన్నా, నేను కాదన్నా."

"వచ్చింది మీ మేనమామ కాదా?"

"మేనమామే. కానీ నాకు..."

"చాల్లే."

ఆట మొదలైంది. మిడ్‌ఫీల్డర్ అంటే జట్టుకు నడుము. వెనకవాళ్లు బంతి వాడికిస్తారు, వాడు ముందువాళ్లకు పంపిస్తాడు. ఆ రోజు వెనకవాళ్లు ఆ పని మానేశారు. పెన్సిల్ చెయ్యెత్తాడు, చప్పట్లు కొట్టాడు, "అన్నా, అన్నా" అని పిలిచాడు. బంతి వాడి ఎడమనుంచి వెళ్లింది, కుడినుంచి వెళ్లింది, నెత్తి మీదనుంచి వెళ్లింది. పావుగంటలో వాడికి ఒక్కసారి తగిలింది, అదీ వీపుకి.

పైన మెట్ల మీద మేనమామ అక్కను మోచేత్తో పొడిచాడు. "చూశావా అక్కా. ఒక్కడూ ఇవ్వట్లేదు. కడుపుమంటే. నేను ముందే కంప్లైంటు ఇచ్చి మంచిపని చేశాను."

"నువ్వేం ఇచ్చావు?" అంది ఆవిడ. ఆయన గర్వంగా అంతా చెప్పాడు. ఆవిడకు ఇంకా సంగతి అర్థం కాలేదు కానీ, ఇందులో తన తమ్ముడు ఉన్నాడు కాబట్టి ఏదో చెడే ఉంటుందని మాత్రం అర్థమైంది.

కింద పెన్సిల్‌కు ఏడుపొచ్చింది. పదకొండు నెలలు ఎదురుచూసిన రోజు ఇది. పాస్ ఇవ్వడమే వాడి విద్య, ఇవ్వడానికి బంతే లేదు. ఇలా నిలబడితే రేపటికి స్టూలు ఖాయం. వాడికి ఎదుటివాళ్ల కాళ్లలో కాలు పెట్టి బంతి లాక్కునే అలవాటు పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ లేదు. కానీ తన జట్టు ఇవ్వకపోతే బంతి ఎక్కడ దొరుకుతుంది? అవతలి జట్టు దగ్గరే కదా. వెళ్లి లాక్కున్నాడు. మొదటిసారి వాడే ఎక్కువ ఆశ్చర్యపోయాడు. మూడోసారికి రుచి తెలిసింది. మోకాళ్లు చెక్కుకుపోయాయి, జెర్సీ బురదైంది, వాడు మాత్రం వదల్లేదు. రెండో సగంలో ఒకసారి కసి కొద్దీ ఎవరో చూసుకోకుండా సొంత కెప్టెన్ కాళ్లలోంచే బంతి లాగేసి, గీత గీసినట్టు ముందుకు పంపించాడు. అది గోలైంది. కెప్టెన్ తిట్టాలో చప్పట్లు కొట్టాలో తెలియక నడుం మీద చేతులు వేసుకుని నిలబడ్డాడు.

డెబ్బయ్యో నిమిషంలో అసలు బాధ మొదలైంది. ముందు గోల్‌కీపర్ దగ్గరుండే ఒకాయన పిక్క పట్టుకుని కూలబడ్డాడు. తర్వాత ఇంకొకాయన. తర్వాత కెప్టెన్. వరసగా మైదానమంతా మూలుగులే. స్టోరు పెద్దాయన నీళ్ల సీసాలతో మెట్ల కిందినుంచి పరుగెడుతుంటే టైలరమ్మ రెయిలింగ్ మీదికి వంగి ఆపింది.

"ఏమైంది బాబాయ్, అందరూ కాళ్లు పట్టుకుంటున్నారు?"

"ఏమవుతుందమ్మా. సాక్సులకి వెనక కన్నాలుంటే పిక్కకి ఊపిరాడుతుంది. ఎవరో మహానుభావుడు పొద్దున్నే వచ్చి కంప్లైంటిచ్చాడు, మొత్తం మార్పించేశారు. ఆ కుర్రాడివైతే ఎవరో లోపల గుడ్డేసి మరీ కుట్టారు. వాడింకా ఎలా పరుగెడుతున్నాడో ఆ దేవుడికే తెలియాలి."

ఆవిడ మెల్లగా కూర్చుంది. మేనమామ ఆకాశంలోకి చూస్తున్నాడు.

ఎనభై ఐదో నిమిషంలో పెన్సిల్ కూడా పడ్డాడు. పెద్దాయన కత్తెర పట్టుకుని వెళ్లి కుట్టు విప్పబోయాడు. కత్తెర జారిందే గానీ కుట్టు తెగలేదు. "మీ అమ్మ ఏం దారం వాడిందిరా" అని విసుక్కున్నాడు. వాడు ఏడుస్తూనే నవ్వి, లేచి కుంటుకుంటూ మరో రెండు బంతులు లాక్కున్నాడు. ఒక్క గోలుతో గెలిచారు.

గెలుపు వాడికి రుచించలేదు. బట్టలైనా మార్చుకోకుండా కోచ్ గదిలోకి వెళ్లి నిలబడ్డాడు. బల్ల మీద కవరు ఉంది, దాని మీద వాడి పేరు ఉంది.

"ఈ ఉత్తరం పొద్దున్నే రాసిపెట్టాను" అన్నాడు కోచ్. "వద్దని రాశాను. నీ పాస్ బంగారం. కానీ ఎవరో వడ్డిస్తారని విస్తరి ముందు కూర్చున్నవాడిలా నిలబడతావు. అలాంటివాడు నాకెందుకనుకున్నాను."

పెన్సిల్ తల దించుకున్నాడు. "సరే సార్."

"సరే ఏంటి, పూర్తిగా విను. ఇవాళ నీకెవరూ బంతి ఇవ్వలేదు. నాకు కళ్లు లేవనుకున్నారా? మొదట పళ్లు నూరుకున్నాను, తర్వాత లెక్కపెట్టడం మొదలెట్టాను. పందొమ్మిది సార్లు లాక్కున్నావు. ఈ కసి ఇన్నాళ్లూ ఎక్కడ దాచావురా?" అంటూ కవరు చింపి బుట్టలో వేసి, సొరుగులోంచి ఇంకో కాగితం తీశాడు. రెండేళ్లకి.

వాడు సంతకం పెట్టాడు. ఇంతలో తలుపు తోసుకుని కెప్టెన్ వచ్చాడు, వెనకే వాళ్లమ్మ. ఆవిడ అప్పటికే గది బయట పదిమందికీ పేరుపేరునా చెప్పేసింది. కన్నాలు చూసి కత్తిరింపు అనుకున్నది తానేనని, కుట్టింది తానేనని, పంపకుండానే వెళ్లినవాడు తన తమ్ముడని. "పిల్లాడికి ఏమీ తెలీదు నాయనా, తప్పంతా నాది" అని ఆవిడ కళ్లు తుడుచుకుంటే, అంత పెద్ద కెప్టెన్ సిగ్గుతో చితికిపోయాడు.

"సార్, పొరపాటు మాది" అన్నాడు కోచ్‌తో. "వీడి ఉసురు పోసుకున్నాం. వచ్చే సీజను నుంచి ప్రతి బంతీ ముందు వీడికే ఇస్తాం."

కోచ్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "ఎవడైనా ఇచ్చాడో, వాణ్ణి బెంచీ మీద కూర్చోబెడతాను."

ఆ విధంగా, కొత్త సీజనుకు జట్టు వేసుకున్న మొట్టమొదటి వ్యూహం పెన్సిల్‌కు పాస్ ఇవ్వకపోవడం.