చవక సాఫ్ట్‌వేర్లు చల్లగా ఉండాలి

ఇంట్లో పెట్టుకుని చెక్క మీద బొమ్మలు చెక్కే చిన్న మిల్లింగ్ మెషీన్‌కు చవకలో మంచి సాఫ్ట్‌వేర్ దొరకడం లేదని కొందరు వాపోతున్నారు. పాపం, లోకం తెలియని వాళ్లు. దొరక్కపోవడమే వరం! దొరికిన రోజున కదా అసలు కష్టం!

నమ్మకం కుదరకపోతే కళ్లజోళ్లాయన సంగతి వినండి.

ఆయనకు మార్కెట్ వీధి మలుపులో కళ్లజోళ్ల షాపు. ఊళ్లో సగం ముక్కుల మీద ఆయన పనితనమే ఉంటుంది. ఎవరికైనా ఒక చెవి కాస్త పైకి ఉంటే, ఫ్రేమ్ కాడను వేడి చేసి, ఆ చెవికి తగ్గట్టు వంచి, కిమ్మనకుండా పంపిస్తాడు. అలాంటి మనిషికి సొంత తల్లి చూపు మందగిస్తే షాపులోని ఏ అద్దమూ పనికి రాలేదు. ఆమెకు వెలుగేదో నీడేదో తెలుస్తుంది. అంతవరకే.

పెద్దావిడ గదిలోంచి బయటికొస్తే నడవ. నడవలో పక్కపక్కనే రెండు తలుపులు. రెంటికీ ఒకే రంగు, ఒకే గడియ. ఒకటి బాత్‌రూమ్‌ది. రెండోది పెరట్లోకి, తీయగానే నిటారుగా మెట్లు. ఒకసారి ఆమె పొరపాటున ఆ రెండోది తీసింది. మొహానికి గాలి కొట్టబట్టి కాలు వెనక్కి తీసుకుంది. ఆ పూట గాలి లేకపోతే ఏమయ్యేదో ఇంట్లో ఎవరూ పైకి అనలేదు.

“చేతికి తగిలేలా గుర్తు చెక్కి బాత్‌రూమ్ తలుపుకు బిగిస్తానమ్మా. నీళ్ల చుక్క గుర్తు. తడిమితే తెలిసిపోతుంది” అన్నాడు కళ్లజోళ్లాయన. అని ఊరుకోలేదు. మిల్లింగ్ మెషీన్ కొన్నాడు. మరలు బిగించి భోజనాల బల్ల మీద కూర్చోబెట్టాడు. చెక్క సిద్ధం, కట్టర్ సిద్ధం. ఇక సాఫ్ట్‌వేర్ ఒక్కటే ఎంచుకోవాలి.

“రేపటికి అయిపోతుంది” అన్నాడు భార్యతో.

ఆ రేపు ఎంత పొడుగో ఆ ఇల్లాలిని అడగండి!

ఎరగని వారి కోసం రెండు ముక్కలు చెబుతాను. బొమ్మ గీయడానికి ఒక సాఫ్ట్‌వేర్ కావాలి. ఆ బొమ్మను చూసి, కట్టర్ ఎటునుంచి ఎటు పోవాలో, ఎంత లోతు దిగాలో దారి వేయడానికి ఇంకొకటి. ఆ దారిని మెషీన్ చెవిన వేయడానికి మరొకటి. మూడూ ఒకదాని మాట ఒకటి వినాలి. వింటాయా? మన ఇళ్లలో వింటున్నారా?

ఇంటర్నెట్ డబ్బా పెద్దావిడ గదిలో ఉంది. సిగ్నల్ అక్కడే బాగుంటుంది. అందుకని షాపు మూసి రాగానే కళ్లజోళ్లాయన ల్యాప్‌టాప్ పట్టుకుని తల్లి మంచం పక్కన కుర్చీ వేసుకునేవాడు. వెతికింది వెతికినట్టు పైకి చదివేవాడు. వినే మనిషి ఉంటే ఎవరికి మాత్రం చదవాలనిపించదు?

“ఇది ఫ్రీ అన్నావు కదరా, మరి కార్డు నంబరు ఎందుకు అడుగుతోంది?”

“ట్రయల్ అమ్మా. గడువు దాటితే వాళ్లే తీసుకుంటారట.”

“మనకు ఇష్టం లేకపోతే?”

“ముందే వద్దని చెప్పాలి.”

“ఎక్కడ చెప్పాలి?”

కళ్లజోళ్లాయన అద్దాలు పైకి తోసుకుని చాలాసేపు వెతికాడు. “ఆ బటన్ కనిపించట్లేదమ్మా.”

“నయం. నాకొక్కదానికే కనిపించట్లేదనుకున్నా” అంది పెద్దావిడ.

ఇంకోటి దొరికింది. హాబీ వాళ్లకు పూర్తిగా ఉచితం. ఎంత అందంగానైనా గీసుకోనిస్తుంది. గీసినదాన్ని బయటికి తీసుకెళ్దామంటే మాత్రం చందా కట్టమంటుంది. “అంటే పిల్లను చూపిస్తారు, మాట్లాడనివ్వరు” అని పెద్దావిడ దాన్ని పక్కన పెట్టించింది. మరొకటి ఒక్కసారి కొంటే జన్మంతా మనదేనట. కాకపోతే అది నడవాలంటే ఆయన ఎప్పుడో పాత సామాన్లవాడికి ఇచ్చేసిన కంప్యూటర్ కావాలి! నిజంగా పైసా అడగని సాఫ్ట్‌వేర్లూ ఉన్నాయి. పుణ్యాత్ములెవరో రాసిపెట్టారు. వాటిలో దేన్ని ఎక్కడ నొక్కాలో ఆ పుణ్యాత్ములకే తెలుసు.

పోనీ వీడియోలు చూద్దామంటే, టోపీ పెట్టుకున్న పెద్దమనిషి ఒకాయన ప్రతి వీడియోలోనూ “నేను వాడేది ఇదే” అంటాడు. ప్రతిసారీ వేరేది!

“ఈ టోపీ ఆయనకు నిలకడ లేదురా” అని పెద్దావిడ తేల్చేసింది. టోపీ సంగతి కొడుకు చెబితేనే తెలుసు ఆమెకు.

నడవలోంచి కోడలు అరిచేది: “అత్తయ్యా, మీరైనా చెప్పండి. బల్ల నిండా ఆ మెషీనే. మేం కంచాలు ఒళ్లో పెట్టుకుని తింటున్నాం!”

“తొందరపడి చెత్తది తెచ్చుకుంటే ఎలాగమ్మా? చూసుకోనీ.”

“చూసుకునేలోపు మీరా మెట్ల మీద పడితే?”

“నువ్వున్నావుగా.”

నిజమే. కోడలు ఏ పనిలో ఉన్నా చేయి తుడుచుకుని వచ్చి, అత్తగారి మోచేయి పట్టుకుని తలుపుదాకా దిగబెట్టి వెళ్లేది.

ఇప్పుడు లాభాలు చూడండి. మెషీన్ తిరగలేదు కాబట్టి ఇంట్లో చెక్కపొట్టు లేదు. ఇంటాయన వేళ్లన్నీ చేతికే ఉన్నాయి. ఇరుగుపొరుగు హాయిగా కునుకు తీస్తున్నారు. కొన్న చెక్క చెక్కుచెదరలేదు. మంచి సాఫ్ట్‌వేర్ దొరికి ఉంటే ఇందులో ఒక్కటైనా మిగిలేదా?

కానీ సుఖాలు ఎక్కువకాలం నిలవవు. ఒక సాయంత్రం ఆయన రెండు సాఫ్ట్‌వేర్లను పోల్చి చూస్తూ, లోకం మరిచి, తనలో తాను గొణుక్కుంటున్నాడు. పెద్దావిడ ఎప్పుడు లేచి వెళ్లిందో చూడలేదు. కోడలి కేక విని పరుగెత్తేసరికి పెరటి తలుపు బార్లా తెరిచి ఉంది. గడప మీద అత్తగారు. ఆమె చీర కొంగు కోడలి పిడికిట్లో.

“నేను ఇవాళ ఇంట్లో లేకపోతే ఏమయ్యేదండీ?” అంది భార్య, మెల్లగా.

కళ్లజోళ్లాయన తిన్నగా ల్యాప్‌టాప్ దగ్గరికి వెళ్లాడు. అందులో తెరిచి ఉన్న ఆ రెండు సాఫ్ట్‌వేర్లే చాలనుకున్నాడు. ఒకదాంట్లో చుక్క గీశాడు, రెండోదాంట్లో దారి వేశాడు, మెషీన్‌తో పాటు వచ్చిన మూడోదాంతో ఆ దారిని దాని చెవిన వేశాడు. మర్నాడు షాపు తీయలేదు. చెక్క బిగించి, కట్టర్‌ను చెక్క మూలకు తెచ్చి, కొలతలు మొదలయ్యే సున్నా అదేనని చెప్పి, మెషీన్ ఆన్ చేశాడు. ఇల్లంతా చుట్టూ నిలబడింది.

మెషీన్ మూల దగ్గర కాస్త చెక్కింది. తర్వాత చెక్క దాటి గాల్లోకి వెళ్లి అక్కడ కూడా అంతే శ్రద్ధగా చెక్కింది! మళ్లీ వచ్చింది, మళ్లీ వెళ్లింది. సంగతేమిటంటే, బొమ్మ గీసిన సాఫ్ట్‌వేర్‌కు సున్నా అంటే చెక్క మూల. దారి వేసినదానికి సున్నా అంటే చెక్క నడిమధ్య. చవక సంబంధాల్లో ఇలాంటివి ముందే మాట్లాడుకోరు.

పెద్దావిడ ఆ చెక్కను తడిమి చూసింది. “గోటి గాటులా ఉందేంట్రా. మిగతా చుక్క ఏది?”

“గాల్లో చెక్కిందమ్మా.”

“అయితే ఇక గాల్లో తడుముకోమంటావా?”

కోడలు నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పారిపోయింది.

సున్నా మార్చాక రెండో చెక్క మీద చుక్క నిండుగా వచ్చింది. కళ్లజోళ్లాయన అంచులు గరుకు కాగితంతో నున్నగా రుద్ది, తల్లి అరచేయి ఆనే ఎత్తున బిగించాడు. ఆమె ఒక్కతే గోడ పట్టుకుని వెళ్లింది. తడిమింది. సరైన తలుపు తీసింది. వెనకే ఊపిరి బిగబట్టి నడుస్తున్న కోడలు కళ్లొత్తుకుంది. బల్ల ఖాళీ అయింది. కంచాలు ఒళ్లోంచి బల్ల మీదికి ఎక్కాయి.

ఆ తర్వాత కళ్లజోళ్లాయన షాపునుంచి వచ్చాడు, తిన్నాడు, ముందు గదిలో టీవీ పెట్టుకున్నాడు. తల్లి గది దాటుతూ “మందు వేసుకున్నావా అమ్మా?” అన్నాడు. “వేసుకున్నా” అంది. అయిపోయింది. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

ఇంకో రెండు రోజులు చూసి పెద్దావిడ కొడుకును నడవలోకి పిలిచింది.

“చుక్క అంచు గరుగ్గా ఉందిరా. వేలికి గీసుకుంటోంది.”

ఆయన బొటనవేలితో చుట్టూ నిమిరాడు. అద్దం మీద వెంట్రుకవాసి గీతను వేలితో పట్టే మనిషి. “నున్నగానే ఉందమ్మా.”

“నీకు తెలీదులే. ఆ సాఫ్ట్‌వేరే మంచిది కాదు. ఇంకోటి ఏదైనా ఉందేమో చూడు. చదువు, వింటాను.”

ఆయన భార్య వైపు చూశాడు. ఆమె వెళ్లి అత్తగారి మంచం పక్కన కుర్చీ వేసింది.

కాబట్టి సాఫ్ట్‌వేర్ కంపెనీల వారికి చేతులు జోడించి ఒక్క మనవి. చవకైనది, సులువైనది, అన్నీ ఒకేచోట ఉండేది దయచేసి తయారు చేయకండి! మీరు చేయగలరు, మాకు తెలుసు. కానీ ఏ పనీ లేకపోయినా వచ్చి అమ్మ పక్కన కూర్చునే కొడుకును ఇంకా ఎవరూ తయారు చేయలేదు. చందా కడతామన్నా దొరకడం లేదు!